పులివెందుల మేడం ఇంటికి

మా కోర్సు చెప్పిన సారుకు ఒక మాట మహా ఇష్టం. చదువు పుస్తకంలో ఉండదట, తలకాయలోనూ ఉండదట, మనిషికీ మనిషికీ మధ్య పడే తీగల్లో ఉంటుందట. ప్రతి శనివారం సాయంత్రం తెర మీదికి వచ్చి, ఆ తీగల సంగతి ఎత్తకుండా ఆయన క్లాసు ముగించిన పాపాన పోలేదు. నేను జమ్మలమడుగులో మా వెనకింట్లో తలుపు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అదంతా బుద్ధిగా రాసుకునేదాన్ని.

నేను ఒక ప్రైవేటు బళ్ళో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతాను. టీచర్లంతా ఏదో ఒక ఆన్‌లైన్ కోర్సు చేసి తీరాలని మా హెడ్‌మాస్టరు పట్టుబట్టడంతో తప్పని తద్దినంలా ఇందులో చేరాను. రాష్ట్రంలో అన్ని జిల్లాల వాళ్ళూ ఉన్నారు. మా వైపు నుంచి ముగ్గురం. ప్రొద్దుటూరు మేడం ఒకరు, పులివెందుల మేడం ఒకరు, మూడోది నేను.

మొదటి రోజు అందరూ తమ గురించి చెప్పుకోవాలన్నారు. నా వంతు వచ్చినప్పుడు మైకు తెరిచి, "నేను జమ్మలమడుగులో లెక్కలు చెప్తాండాను" అన్నాను. వెంటనే ఎవరో పక్కన మెసేజీల్లో, సినిమాలో విలన్ మాట్లాడినట్టు భలే ఉంది మేడం అని రాశారు. దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. సరిగ్గా అప్పుడే మా అమ్మ గొర్రె ఒకటి కిటికీ అవతల గొంతు చించుకుని అరిచింది. మాది గొర్రెలు మేపిన ఇల్లు. నాయన పోయాక మంద అమ్మేశాం గానీ, ఒకటో రెండో కళ్ళ ముందు లేకపోతే అమ్మకు పొద్దుపోదు. నవ్వే బొమ్మలు ఇంకొన్ని పడ్డాయి. వాళ్ళు ముచ్చటపడే నవ్వారని ఇప్పుడు అనుకుంటాను. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మైకు మూసేశాను, కెమెరా కూడా మూసేశాను, కోర్సు ముగిసేదాకా మళ్ళీ తెరవలేదు.

అప్పటి నుంచి ఆ తెర మీద, మొహం కనబడాల్సిన చోట, నేనొక బూడిదరంగు సున్నాని. మిగతావాళ్ళు ఒకరినొకరు పలకరించుకునేవాళ్ళు, పుట్టినరోజులు చెప్పుకునేవాళ్ళు, కొత్త చీరలు చూపించుకునేవాళ్ళు. ప్రొద్దుటూరు మేడం అయితే సారు నోరు తెరవకముందే జవాబు చెప్పేది. అంతమందిలో ఒంటరిగా ఉండటం ఇంట్లో ఒంటరిగా ఉండటం కంటే కష్టం. ఇంట్లో అయితే అమ్మ తిట్టడానికైనా పిలుస్తుంది. ఈ క్లాసులో నేను ఒక వారం రాకపోతే కనిపెట్టే మనిషి ఒక్కరైనా ఉన్నారా అని లోపల్లోపల ఒకటే గుబులు. చదువు సంగతి దేవుడెరుగు, నాకు కావలసింది అదొక్కటే.

తర్వాత జంటలు కట్టారు. ఒకరు రాసిన పాఠం ఇంకొకరు చదివి, బాగోగులు చెప్పాలి. కంప్యూటరే ఎవరికి ఎవరో తేల్చింది. నాకు పులివెందుల మేడం వచ్చింది. సొంత ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదని కోర్సు నియమం. ఏం మాట్లాడుకున్నా కోర్సు వాళ్ళిచ్చిన మెసేజీ పెట్టెలోనే.

నేను మొదట పంపింది భిన్నాల పాఠం. ఒక ఆసామికి ఇన్ని గొర్రెలు, అందులో నాలుగో వంతు అమ్మాడు, మిగిలినవాటిలో సగం తమ్ముడికి ఇచ్చాడు, ఎన్ని మిగిలాయి అని. ఆమె జవాబు రాసింది. మీ లెక్కలో గొర్రెలు అమ్ముడుపోతున్నాయి, పంచుకుపోతున్నాయి గానీ ఒక్కటీ ఈనడం లేదేం మేడం, ఇది మగవాళ్ళు కట్టిన లెక్కలా ఉంది అని. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని పగలబడి నవ్వాను. పిల్లకేమైనా గాలి సోకిందా అని అమ్మ తలుపు తోసుకుని వచ్చి చూసింది.

ఇక అక్కడి నుంచి దినమూ రాసుకున్నాం. బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే ఫోను తీసేదాన్ని. పాఠం గురించి నాలుగు మాటలైతే ఇంటి గురించి పది. వాళ్ళింటి ఎదురుగా వెల్డింగ్ షాపు ఉందనీ, ఆ మోతకు క్లాసులో సగం వినబడదనీ, అందుకే తనూ మైకు మూసే ఉంచుతాననీ చెప్పింది. అమ్మానాన్న తన దగ్గరే ఉన్నారనీ, అమ్మకు బాగుండటం లేదనీ చెప్పింది. నేను నవ్వే బొమ్మల సంగతి ఆమెకు ఒక్కదానికే చెప్పాను.

ఒక్క ఇబ్బంది ఉండేది. ఆమెను ఏమని పిలవాలో తెలియదు. మా వైపు అక్కో, వదినో, అమ్మో, ఏదో ఒక వరస కలవందే మాట ముందుకు సాగదు. తెర మీద వేలిగోరంత మొహం చూసి వయసు ఏం పోల్చుకుంటాం? పెద్దదో చిన్నదో తెలియక ఆమెను నేను మేడం అనేదాన్ని, నన్ను ఆమె మేడం అనేది. కడుపులో మాటలన్నీ చెప్పుకుంటూ, ముందూ వెనకా మేడం తగిలించుకునేవాళ్ళం.

ఒక శుక్రవారం క్లాసు గుంపులో ఆమె రాసింది, అమ్మ చనిపోయిందని. చూస్తుండగానే కింద దండాల బొమ్మలు, పువ్వుల బొమ్మలు బారులు తీరాయి. ఇంగ్లీషులో ఒకటే వాక్యం మనిషి మార్చి మనిషి పెట్టారు. నేను టైపు చేయబోయి ఆగిపోయాను. ఏం రాయాలి? దండం బొమ్మ పెట్టి, దాని పక్కన మేడం అని రాయాలా?

అమ్మను అడిగాను. ఆమె గొర్రెకు నీళ్ళు పెడుతూ తల కూడా తిప్పలేదు. "చచ్చినోళ్ళింటికి ఫోన్లో పలకరింపేంది? పోయి ఎదురుగా కూర్చోవాల. పోయేదాకా నోరు విప్పగూడదు" అంది.

అది మా ఇంటి పద్ధతే. పెళ్ళికి పిలిస్తే పోవాలి, చావుకు తెలిస్తే పోవాలి. మొదటి మాట మొహం చూసే చెప్పాలి. దూరం నుంచి ముందే కబురు పంపిస్తే, రాకుండా తప్పించుకోవడానికి పంపినట్టు లెక్క. నాయన పోయినప్పుడు అలా కబురుతో సరిపెట్టినవాళ్ళను అమ్మ ఇప్పటికీ పేరు పేరునా గుర్తు పెట్టుకుంది. ముక్కూ మొహం తెలియని ఇంటికి ఎలా పోవడం అని నేను నసిగితే, దినమూ మాట్లాడుకునే మనిషి ముక్కు తెలీకపోతే ఏమైందని కసిరింది. అందుకని గుంపులోనూ రాయలేదు, మా పెట్టెలోనూ రాయలేదు. శనివారం క్లాసుకు కూడా పోలేదు. ఆదివారం పొద్దున్నే బయలుదేరాను.

జమ్మలమడుగులో పులివెందుల బస్సు కళ్ళ ముందే పోయింది. తర్వాతది ఎప్పుడో చెప్పే నాథుడు లేడు. సరేనని ప్రొద్దుటూరు పోయి, అక్కడ ఇంకో బస్సు పట్టుకున్నాను. చుట్టుదారి. వీరపునాయునిపల్లె దాటేసరికి ఎండ ముదిరింది. దారి పొడవునా ఆమెకు ఏం చెప్పాలో కూడగట్టుకుంటూ పోయాను. నిజం చెప్పాలంటే దుఃఖం ఆమెది, ఆత్రం నాది. ఆమె నన్ను చూడగానే పోల్చుకుంటుందా అన్నదే నా ధ్యాస. చావింటికి పోతూ అలా అనుకున్నందుకు సిగ్గేసింది, అయినా ఆ ధ్యాస పోలేదు.

పులివెందుల బస్టాండులో ఆటో అతన్ని, ఎదురుగా వెల్డింగ్ షాపు ఉండే టీచరమ్మ ఇల్లు, మొన్న వాళ్ళమ్మ పోయిందంట అని అడిగాను. చావు జరిగిన ఇంటికి మా ఊళ్ళల్లో చిరునామా అక్కర్లేదు. తిన్నగా తీసుకుపోయి దింపాడు. షాపు ఆ రోజు మూసి ఉంది. వాకిట్లో షామియానా, కింద ప్లాస్టిక్ కుర్చీలు, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న ఒక ముసలాయన. అది ఆమె నాయనే అయి ఉండాలి.

గడప దగ్గర వాళ్ళ పిన్నమ్మ అంట, ఒకామె ఎదురొచ్చింది. "యాడ నుంచి వచ్చినావమ్మా?" అంది. ప్రొద్దుటూరు బస్సుకు వచ్చినాననీ, ఆమెతో పాటు ఫోన్లో చదువుకుంటాననీ చెప్పాను. ఫోన్లో చదువేమిటో ఆమెకు అంతుబట్టలేదు. లోపలికి తీసుకుపోయి, నీతో చదివిన ప్రొద్దుటూరు ఆమె వచ్చింది చూడు అని మా మేడానికి చెప్పి వెళ్ళిపోయింది.

గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాకంటే ఒక పదేళ్ళు పెద్దది. ముందువైపు జుట్టు నెరిసింది, అది తెర మీద కనబడదు. నేను నోరు తెరిచేలోగా నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ప్రొద్దుటూరు నుంచి ఇంత దూరం వచ్చినారా మేడం అంది. కాదు అని చెప్పబోయాను. అమ్మ కోసం ఏడ్చే మనిషిని ఆపి నా ఊరు పేరు దిద్దడం ఏం మర్యాద? ఊరికే పక్కన కూర్చుని, ఆ చెయ్యి అలాగే పట్టుకున్నాను. ఏడ్చి ఏడ్చి వాచిన ఆ కళ్ళకు అసలు ఎవరైనా ఒకటేలా ఉన్నారు.

కాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తల వంచుకునే మాట్లాడింది.

"అందరూ రాసినారు మేడం. ఆ జమ్మలమడుగు ఆమె ఒక్కటే, ఒక్క మాట కూడా రాయలా. దినామూ మాట్లాడుకుంటాంటిమి. అమ్మ పోయినప్పుడు ఫస్టు ఆమెకే చెప్పాలనిపించింది నాకు. నిన్న క్లాసులో కూడా చూసినా, ఆమె రాలా."

అమ్మ చనిపోయిన మరుసటి రోజు, ఇంటి నిండా జనం ఉండగా, ఈ మనిషి ఫోను తెరిచి నా బూడిదరంగు సున్నా కోసం వెతికింది. నేను రాలేదని కనిపెట్టింది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే కదా. అది నాకు దొరికింది, ఆమెను బాధపెట్టిన సంగతితో కలిపి దొరికింది.

"అక్కా, ఆ జమ్మలమడుగుదాన్ని నేనే" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. "మరి మెసేజీ చూళ్ళేదా నువ్వు?" అంది.

"చూసినా. అందుకే వచ్చినా."

ఆమె చేతిలో నా చెయ్యి అలాగే ఉంది. ఏదో అనబోయింది. అంతలో వాకిట్లో ఏడుపు వినబడింది. తొండూరు నుంచి వాళ్ళ బంధువులు ఒక ట్రాక్టరు నిండా వచ్చారు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లోపలికి వచ్చి ఆమెను చుట్టుకున్నారు. వచ్చిన ప్రతి ఒక్కరితోనూ మళ్ళీ మొదటి నుంచి ఏడవాలి, అది పద్ధతి. నా చెయ్యి ఎప్పుడు విడిపోయిందో గుర్తులేదు. నేను జరిగి జరిగి తలుపు దగ్గరికి వచ్చాను. కాసేపు అక్కడే కూర్చుని చూశాను. ఆమె కనబడలేదు, ఆమె ఏడుపు మాత్రం వినబడింది.

చావింట్లో పోయొస్తానని చెప్పకూడదు. ఫోన్ నంబరు అడిగే సమయం అంతకంటే కాదు. చెప్పకుండానే లేచి వచ్చేశాను. ఈసారి తిన్నగా జమ్మలమడుగు బస్సు దొరికింది. ఇంటికి వచ్చి, తలస్నానం చేసి, మా మెసేజీ పెట్టె తెరిచి, చేరినానక్కా అని రాశాను. మేడం అని రాయకుండా రాసిన మొదటి మాట అది.

జవాబు రాలేదు. దినాలకు పిలుపు వస్తుందేమోనని చూశాను. ఎలా వస్తుంది, ఆ పెట్టె తెరవకపోతే నా ఊరు తప్ప ఆమెకు ఏం తెలుసు? తర్వాత కోర్సు వాళ్ళ దగ్గర నుంచి కబురు వచ్చింది, మీ జంట చదువు మానుకున్నారు, మీకు ఇంకొకరిని కేటాయించామని. కొత్త జంట విజయనగరం ఆమె. చాలా మంచిది, అడగకముందే బాగుంది బాగుందని రాసేది. నేనూ బాగుంది బాగుందని రాశాను. కోర్సు అయిపోయింది. సర్టిఫికెట్టును మా హెడ్‌మాస్టరు అద్దం కట్టించి ఆఫీసు గోడకు తగిలించాడు. మెసేజీ పెట్టె ఇప్పుడు చదువుకోవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, రాయడానికి లేదు. నేను రాసిన చివరి మాట ఆమె చూసిందో లేదో కూడా అందులో తెలియదు.

పోయి ఒకసారి కనబడి రారాదా అంటుంది అమ్మ. ఏమని పోవాలి? దారి తెలుసు, ఇల్లు తెలుసు. తెలిస్తే పోవలసిన పనికి పోయాను, అది అయిపోయింది. మిగతా దేనికైనా వాళ్ళు పిలవాలి. పిలవడానికి పెళ్ళీడు పిల్లలు లేరు ఆ ఇంట్లో, కొత్తగా కట్టే ఇల్లూ లేదు. ఉన్నదల్లా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న ఆ ముసలాయన. ఒకరోజు పులివెందుల బస్సు చూసి, ఆయన పోతే నేను పోవచ్చు కదా అని నా మనసు అనుకుంది. బస్టాండులో జనం చూస్తుండగానే చెంపలు వేసుకున్నాను. ఆ పెద్దాయన నిండా నూరేళ్ళు ఉండాలని ఇప్పుడు రోజూ దండం పెట్టుకుంటున్నాను. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను అక్క మొహం చూడలేను.