సత్తెమ్మ కొయ్యపళ్లెం

శాలిబండలో పాల సాయిలు ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు సత్తెమ్మ పుట్టింటి నుంచి నాలుగు ఇత్తడి గిన్నెలు, రెండు చీరలు, ఒక కొయ్యపళ్లెం తెచ్చుకుంది. గిన్నెలు అటకెక్కాయి, చీరలు పెట్టెలో చేరాయి. కొయ్యపళ్లెం మాత్రం మూడోనాటికే దూడ ముందుకు వెళ్లింది. అత్త బుచ్చమ్మ అందులో తవుడు కలిపి పెట్టింది. దూడ నాకుతుంటే చూడలేక సత్తెమ్మ వాకిట్లోకి పోయింది. అత్త చేసిన పనికి ఆరళ్లు లేవు కదా.

ఆ పళ్లెం ఆమె తండ్రి దుర్గయ్య టేకు చెక్కను తొలిచి చేసింది. కంసాలి దుకాణాల్లో ఊడ్చిన దుమ్మును కొని, నీళ్లలో కడిగి, అందులో చిక్కిన బంగారు రజను తీయడం ఆయన బతుకుతెరువు. వారమంతా అది కూటి కోసం. శుక్రవారం, సర్కారు సెలవునాడు మాత్రం పిల్లల్ని వెంటేసుకుని నయాపూల్ దిగువన మూసీ ఒడ్డుకు పోయి, అదే పనిని ఆటగా ఆడేవాడు. వెనకటి తుగ్యానీ వరదలో కొట్టుకుపోయిన ఇళ్ల బంగారమంతా ఆ ఇసుకలోనే ఉందని జనం చెప్పుకునేవారు. దొరికేది మాత్రం ఆవగింజలో సగం. దాన్ని ముందుగా చూసిన పిల్లకు జిలేబీ. సత్తెమ్మ కళ్లు చురుకైనవి కాబట్టి జిలేబీలు ఎక్కువగా ఆమెకే వచ్చేవి.

పెళ్లయిన మొదటి ఏడాదే ఒక శుక్రవారం పొద్దున, పాలు పోయడం అయ్యాక, ఒక్క గంట మూసీకి పోయి వస్తానని అత్తను అడిగింది. బుచ్చమ్మ గడ్డి కోస్తున్న కొడవలి ఆపి తల పైకెత్తింది.

"పాలమ్మే ఇంటి కోడలు మురికిల చెయ్యి పెడితే మన పాలు ఎవలు తాగుతరు? గా ఊసు మల్ల ఎత్తకు."

భర్త ఎల్లయ్యతో చెప్పుకుందామంటే అతను తల్లి ముందు తల్లి మాట, పెళ్లాం ముందు పెళ్లాం మాట. గట్టిగా అడిగితే బర్రెకు నీళ్లు పెట్టాలని లేచి వెళ్లేవాడు. అలా మూడేళ్లు గడిచాయి. దూడలు మారాయి గానీ పళ్లెం అక్కడే ఉంది. ఆ ఇంట్లో అత్త నోట పని చెప్పడం తప్ప మరో మాట రాలేదు. ఎన్నిసార్లో సత్తెమ్మ కొట్టంలో బర్రె మెడకు ఆనుకుని ఏడ్చింది.

1937లో వానలు వెనకబట్టాక ఒకరోజు బుచ్చమ్మ స్నానానికి కూర్చుని మెడ తడుముకుంటే రెండు పుస్తెల్లో ఒకటి లేదు. పాతబడ్డ తాడు పేడ ఎత్తేటప్పుడు తెగి ఉంటుంది. మొగుడు నిక్షేపంగా బతికుండగా పుస్తె పోవడమంటే మాటలా? ఆమె పోయినదాని చోట పసుపుకొమ్ము కట్టుకుని, కొంగు మెడ చుట్టూ కప్పుకుని, కోడలిని పక్కకు పిలిచింది. కొట్టం వెనక గుంతలో ఆరు బర్రెల రెండు రోజుల పేడ ఉంది. మామకు తెలియకుండా అందులో వెతకాలి.

సత్తెమ్మ ఎవర్నీ అడగకుండా దూడ ముందు నుంచి పళ్లెం తీసుకుంది.

సాయిలు, ఎల్లయ్య పాలు పోయడానికి మాదన్నపేట వైపు పోగానే ఇద్దరూ గుంత దగ్గర కూర్చున్నారు. ఇంత పేడ పళ్లెంలో వేసి, నీళ్లు పోసి, చేత్తో కలిపి, మెల్లగా ఊపాలి. తేలికది నీళ్లతో పోతుంది, బరువైనది అడుగున ఆగుతుంది. చూస్తూ కూర్చోలేక బుచ్చమ్మ కూడా ఒక తాంబాళం తెచ్చుకుని, అలాగే ఊపడం నేర్పమంది. మొదట నీళ్లన్నీ ఒళ్లోనే పోసుకుంది. సత్తెమ్మ ఆమె మణికట్టు పట్టుకుని తిప్పి చూపించింది. కాసేపటికి చెయ్యి కుదిరింది. బుచ్చమ్మ నవ్వింది. తన తొమ్మిదో ఏట ఈ ఇంటికి వచ్చాననీ, తన అత్త గడప మీద కూడా కూర్చోనిచ్చేది కాదనీ తనంతట తానే చెప్పడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే సత్తెమ్మ పళ్లెం అడుగున పుస్తె తళుక్కుమంది.

ఇవ్వాలి. ఇస్తే అత్త లేచి వెళ్లిపోతుంది, పళ్లెం దూడ దగ్గరికి పోతుంది, రేపటి నుంచి మళ్లీ అవే ఆజ్ఞలు. సత్తెమ్మ చెయ్యి ఆలోచించకుండానే పుస్తెను రొండిన దోపుకుంది. చేసింది తప్పేనని ఆమెకూ తెలుసు. రాత్రి భయంతో నిద్ర పట్టలేదు కూడా. అయినా మరో రెండు రోజులు ఇద్దరూ ఖాళీ పేడను కడిగారు. మూడోనాటి సాయంత్రం పుస్తె "దొరికింది".

బుచ్చమ్మ దాన్ని కళ్లకద్దుకుని తాడుకు గుచ్చుకుంది. మర్నాడు కొయ్యపళ్లెం బూడిదతో తోమి, ఎండబెట్టి, గోడకు మేకు కొట్టి తగిలించింది. దూడకు రేకుతట్ట వచ్చింది. శుక్రవారం నాడు, కోడలిని ఒంటరిగా పంపితే ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుందని వంకపెట్టి, తానూ మూసీకి బయలుదేరింది.

పాలు ఎవరూ మానలేదు. ఆ తర్వాత శుక్రవారాలన్నీ మూసీవే. సత్తెమ్మ కొడుకు అంజన్ ఆ ఇసుకలోనే నడక నేర్చాడు. తొమ్మిదేళ్ల సంపాదన అత్తరు సీసాలో అడుగు కూడా నిండలేదు. దాంతో బర్రె ముక్కుకు పుడక చేయిస్తానని సాయిలు ఎగతాళి చేసేవాడు. బుచ్చమ్మ మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ సీసా చూపించందే మజ్జిగ ఇచ్చేది కాదు.

1946 నాటికి ఆమెకు చూపు మందగించింది. ఇసుకలో మెరుపు కనిపించేది కాదు. అయినా తాంబాళం ఊపడం మానలేదు. ఒక శుక్రవారం ఒడ్డున పక్కపక్కన కూర్చుని ఉండగా, ఎన్నాళ్లుగానో మోస్తున్నది సత్తెమ్మ చెప్పేసింది.

"అత్తమ్మా, గా పుస్తె మొదటినాడే దొరికింది. నేనే దాచిన."

బుచ్చమ్మ చెయ్యి ఆగలేదు.

"ఎరుకే. నువ్వు రొండిల పెట్టుకునేది చూసిన."

"మరి అడగకపోతివి?"

"అడిగితే లేచి వంటింట్లకు పోతుంటివి. నేను గా ఇంటికొచ్చినకాడికెల్లి నా పక్కన గంత సేపు ఎవలు కూసున్నరే?"

సత్తెమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కాసేపు పళ్లెంలో ఏముందో కనిపించలేదు. బుచ్చమ్మ తన తాంబాళం ఆమె వైపు జరిపి, అందులో ఏమన్నా ఉందేమో చూడమంది.