మంచి చెట్టు రిపోర్టు

ఈ రోజు మోత్కూర్ దగ్గర బత్తాయి రైతు యాదయ్యకు ల్యాబు రిపోర్టు ఇవ్వడానికి వెళ్లాను. ఎండుతున్న చెట్ల ఆకులతో పాటు, పోల్చి చూడటానికి, తోటలో బాగా కాసే చెట్టు ఆకులు కూడా పోయినసారి తీసుకెళ్లాను. వాటి జన్యువులు చదివితే అన్నిట్లోనూ ఒకటే వైరస్, అంటు కొమ్మలతో పాకేది. మంచి చెట్టు రోగాన్ని పైకి కనబడనివ్వలేదు, అంతే.

యాదయ్య జేబులోంచి ఫోన్ తీశాడు.

"గా చెట్టు కొమ్మలతోనే మా చెల్లె తోటంత అంట్లు కట్టిచ్చిన సార్. నా నోటితోని ఎట్ల చెప్పాలె? మీరే చెప్పుండ్రి" అని ఆమె నంబరు కలిపి ఫోన్ నా చేతికిచ్చాడు.

"అన్నా, నువ్విచ్చిన చెట్లు గీసారి మస్తు పూత వట్టినయి" అంది ఆమె, నేను నోరు తెరవకముందే.

వైరస్ పేరు తడుముకోకుండా చెప్పే నేను, ఫోన్ మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాను. మీరైతే ఏం చెప్పేవారు?