మగ్గు ఇంట్లో వదిలేసిన రోజు

మొన్న ఆదివారం తాడేపల్లిగూడెంలో మా మరదలి వాళ్ల చర్చి హాల్లో ఆరోగ్య సదస్సు ఉందంటే, నేను రాను మొర్రో అంటున్నా వినకుండా మా ఆవిడ నన్ను ఏలూరులో పాసింజరు ఎక్కించేసింది. ఆవిడకి షుగరు, నాకు అహంకారం. రెండూ ముదిరిన జబ్బులే కనుక ఇద్దరం కలిసి వెళ్లడమే మంచిదని ఆవిడ వాదన. సర్వీసంతా ఆరోగ్య శాఖలో ఊళ్లు తిరిగినవాణ్ణి, ఇప్పుడు ఎవరో కుర్రాడు మైకు పట్టుకుని నాకు ఆరోగ్యం గురించి చెబుతానంటే ఒళ్లు మండదూ? నా ఈడు వాళ్లందరికీ ఉండే మంటే ఇది, మీకు వేరే చెప్పక్కర్లేదు. భీమడోలు స్టేషను దాటేసరికే జేబులోని చర్చి కరపత్రం వెనకవైపు నాలుగు ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను, ఏం మాట్లాడతాడో వినకుండానే.

ఆ కుర్రాడు అంత ఎండలో కోటు వేసుకొచ్చాడు. ఫ్యాన్ల కింద చెమటలు తుడుచుకుంటూ, వరన్నం తగ్గించమని, వరి పండించి బతికే జనానికే చెప్పాడు. అతను అలా చెబుతున్నంతసేపూ హాలు వెనక వంటగదిలోంచి బిర్యానీ వాసన వస్తూనే ఉంది. నాకు పండగలా ఉంది. కరపత్రం మీద ఇంకో రెండు ప్రశ్నలు చేర్చాను. చివర్లో చిరుధాన్యాల జావపొడి గురించి చెబుతూ, రెండు చెంచాల పొడిని రెండు వందల యాభై ఎంఎల్ గోరువెచ్చటి నీళ్లలో కలిపి తాగమన్నాడు. అప్పుడు ముందు వరసలోంచి, ఉంగుటూరు అవతల ఏదో పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లేచి నిలబడి, "బాబూ, ఆ ఎంఎల్లంటే ఏ గ్లాసండీ? మా ఇంట్లో మూడు రకాలున్నాయి" అని అడిగింది.

హాలు ఘొల్లుమంది. నేనూ నవ్వాను, అందరికంటే కాస్త గట్టిగానే నవ్వానని మా ఆవిడ తర్వాత చెప్పింది. ఆ పెద్దావిడ పైట చెంగు భుజం మీదకి లాక్కుని, తల కిందకి దించుకుని కూర్చుండిపోయింది. ఆ తల దించుకోవడం చూశానో లేదో, నా నవ్వు టక్కున ఆగిపోయింది. అచ్చం అలాగే దించుకున్న తలను ఒకప్పుడు చూశాను నేను. అది దించుకునేలా చేసిందీ నేనే.

అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. కొల్లేటి లంక గ్రామాలు నా పరిధి. గట్టు దాకా సైకిలు, అక్కడి నుంచి దోనె. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఊరిచుట్టూ నీళ్లే గాని తాగడానికి గుక్కెడు మంచినీళ్లు ఉండేవి కావు. ఉన్న నీళ్లే తేర్చుకుని తాగేవాళ్లు, పిల్లలకి విరేచనాలు పట్టుకునేవి. విరేచనాలవుతుంటే నీళ్లు పోస్తే ఇంకా ఎక్కువవుతాయని మన పెద్దవాళ్ల నమ్మకం ఉండేది కదా, దాన్ని పోగొట్టి ఓఆర్ఎస్ పొట్లాలు పంచడం నా పని. ఒక పొట్లం, ఒక లీటరు నీళ్లు. చెప్పడానికి అదెంత! ఆ లీటరు చూపించడానికి ఆఫీసు వాళ్లు గీతలున్న ప్లాస్టిక్ మగ్గొకటి ఇచ్చారు.

ఇక్కడే ఉంది నా నిర్వాకం. పొద్దున్నే హ్యాండిలుకి మగ్గు తగిలించుకుని సైకిలు తొక్కుకుంటూ పోతుంటే, దారిలో ప్రతి అరుగు మీదా ఒకాయన, "ఏవండీ డాక్టరు గారూ, చెంబు పట్టుకుని చెరువు గట్టుకేనా?" అని పరాచికాలాడేవాడు. పొద్దున్నే చెంబుతో బయల్దేరితే ఎక్కడికో మీకు తెలుసుగా. ఇస్త్రీ ప్యాంటు, జేబులో రెండు పెన్నులు, కొత్తగా నిశ్చయమైన పెళ్లి. కాబోయే మావగారి వీధి మీదుగానే పోవాలి. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు మగ్గు ఇంట్లో వదిలేసి వెళ్లాను. నోటితో చెబితే అర్థం కాదా ఏం అనుకున్నాను.

ఆ రోజు లంకలో ఒక ఇంటి ముందు ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం దంచాను. దాహం అంటే ఎవరో గ్లాసుతో మంచినీళ్లిచ్చారు. పొడి ఎంత చక్కగా కరిగిపోతుందో చూపిద్దామన్న ఉత్సాహంలో పొట్లం చింపి, తాగగా మిగిలిన ఆ నీళ్లలోనే పోసి, వేలితో తిప్పి చూపించాను. నోరు లీటరంటోంది, చెయ్యి గ్లాసు చూపిస్తోంది. ఒళ్లో ఏడాది మనవణ్ణి కూర్చోబెట్టుకున్న ఒక మామ్మ, పాపం ఆవిడొక్కతే నా మాట శ్రద్ధగా విన్నది కాబోలు, "లీటరంటే ఎంతండీ బాబూ? సోలెడా, తవ్వెడా? ఈ గ్లాసేనాండీ?" అని అడిగింది. మగ్గు చేతిలో ఉంటే ఒక్క క్షణం పని. లేదు గనక నాకు ఉక్రోషం వచ్చింది. "చెవులు లేవా మామ్మా? లీటరంటే లీటరే, ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ తల దించుకుంది. ఇంకెవరూ ఇంకేమీ అడగలేదు, నేను అది అర్థమవడం అనుకుని సంతకాలు పెట్టించుకుని వచ్చేశాను.

పది రోజులు కాకుండానే ఆ పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మామ్మ నేను చూపించినట్టే, పొట్లం మొత్తం ఒక్క గ్లాసు నీళ్లలో కలిపి, చెంచాతో ఓపిగ్గా పట్టింది. అంత ఉప్పు పసివాడి ఒంట్లోకి వెళితే ఏమవుతుంది? సాయంత్రానికల్లా వాడు కళ్లు తేలేశాడు. దోనెలో వేసుకుని గట్టుకి, అక్కడి నుంచి ఏలూరు పెద్దాసుపత్రికి పరుగెత్తారు. దేవుడి దయవల్ల వాడు బతికాడు.

వాణ్ణి ఇంటికి తెచ్చాక విచారించడానికి నన్ను పంపించారు. మామ్మ కోడలు, అంటే పిల్లాడి తల్లి, వాణ్ణి గుండెకి హత్తుకుని గుమ్మంలో నిలబడి, ఎంత నీళ్లలో కలపమన్నారండీ మీరు అని సూటిగా అడిగింది. లీటరు నీళ్లలో అన్నాను. నిజమేగా! నిజం చెప్పే అబద్ధమాడానండీ ఆ రోజు. గ్లాసులో కలిపి చూపించింది నేనేనమ్మా అనే ఇంకో ముక్క నాలిక చివరి దాకా వచ్చి, ఉద్యోగం, పెళ్లి, పరువు అన్నీ గుర్తొచ్చి వెనక్కి పోయింది. మూల కూర్చున్న మామ్మ తలెత్తి నా వైపు చూసింది. నేను చెప్తాననే అనుకుంది. నేను చెప్పలేదు. ఆవిడ మళ్లీ తల దించుకుంది. ఆఫీసుకొచ్చి, సూచనలు సక్రమంగా వివరించినప్పటికీ ఇంటి పెద్ద నిరక్షరాస్యత వల్ల పొరపాటు జరిగినదని కుదురైన అక్షరాలతో రిపోర్టు రాశాను. బాగా రాశావని పైఆఫీసరు మెచ్చుకున్నాడు కూడా.

ఆ తర్వాత ఆ ఇంట్లో మామ్మ చేత పిల్లాడికి ముద్ద పెట్టించలేదు, నీళ్లు పట్టించలేదు. వాడు ఆవిడ దగ్గరికి పాకుతూ వెళ్లినా, చేతిలో ఏముందో చూసి గాని వదిలేవారు కాదు. నేను ఆ ఊరు వెళ్లిన ప్రతిసారీ అది చూశాను. బదిలీ అయ్యేదాకా చూశాను. మగ్గు మోయడానికి సిగ్గుపడ్డవాణ్ణి దీనికి సిగ్గుపడలేదు చూడండి!

ఆ పిల్లాడికి ఇప్పుడు నలభై దాటాయి, కైకలూరులో చేపల మేత దుకాణం నడుపుతున్నాడు. కొన్నేళ్ల క్రితం ఒక పెళ్లి భోజనాల్లో నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. పులుసులో ఉప్పెక్కువైందని ఎవరో అంటే, ఇదేం ఉప్పండీ, మా మామ్మ చిన్నప్పుడే నాకు ఉప్పు పోసి చంపబోయింది అన్నాడు. పంక్తంతా నవ్వింది. ముసలావిడ పోయి అప్పటికే చాలా కాలమైంది, ఆ మాట మాత్రం ఇంకా వడ్డిస్తూనే ఉన్నారు. నేను విస్తరాకులోకి చూస్తూ, ఆ రోజు కూడా నోరెత్తలేదు.

మళ్లీ గూడెం హాలుకి వస్తాను. నవ్వులు సద్దుమణిగాక, ఆ కుర్రాడు నాలాగే కసురుకుంటాడని ఎదురుచూశాను. కసురుకుంటే బాగుండునని కూడా లోపల ఎక్కడో అనుకున్నానేమో, నాకు తోడు దొరుకుతాడు కదా. అతను స్టేజి దిగాడు. టీలు పెట్టిన బల్ల దగ్గరికి వెళ్లి, నాలుగు రకాల గ్లాసులు ఏరుకొచ్చి, ఆ పెద్దావిడ ముందు కుర్చీ మీద పేర్చి, తన సీసాతో నీళ్లు కొలిచి పోసి, ఇదిగో ఈ గ్లాసుకి ఇక్కడి దాకా అండి అని చూపించాడు. అక్కడితో ఆగాడా, మైకులో అందరి ముందూ, "తప్పు నాదేనండీ, ముందే చూపించాల్సింది" అన్నాడు. ఎంతసేపు పట్టిందని? రెండు నిమిషాలు. నాకు నలభై ఏళ్లు చాలలేదు. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారే, ఆరు ప్రశ్నలు రాసుకుని వెళ్లిన గురివింద గింజని నేను. మైకు నా దగ్గరికి వస్తే, అడగడానికి ఏమీ లేదు బాబూ అని తిప్పి పంపించేశాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తిరుగు రైల్లో మా ఆవిడకి మొత్తం చెప్పాను. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి. ఆవిడ నన్ను తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. "రేపు కైకలూరు బస్సెక్కండి" అంది, అంతే.

ఎక్కాను. దుకాణంలో మేత బస్తాల మధ్య స్టూలేసి కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. మగ్గు దగ్గర్నుంచి రిపోర్టు దాకా ఒక్కటీ దాచకుండా చెప్పేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా చెప్పాను. వచ్చిన బేరాన్ని కూడా తర్వాత రమ్మన్నాడు. చివరికి మెల్లిగా, "మామ్మ పోయేటప్పుడు చెంచాతో నీళ్లు నేనే పోశానండీ. ఉప్పెయ్యలేదు కదరా అని అడిగిందండీ. హాస్యమాడుతోందనుకుని అందరం నవ్వేశామండీ" అన్నాడు. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. తిట్టి పంపినా బాగుండేది.

ఏలూరు వచ్చే దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నేను దోనెలో తిరిగిన నీళ్లు చాలావరకు ఇప్పుడు చేపల చెరువులు. లంకలకి రోడ్లు పడ్డాయి, ఇంటింటికీ ఆటోల్లో నీళ్ల టిన్నులు వస్తున్నాయి, దోనె అంటే ఏమిటో కుర్రాళ్లకి తెలియదు. గట్ల మీద, తూటికాడ పొదల్లో, కాలవ మలుపుల్లో ఎక్కడ చూసినా తాగి పారేసిన లీటరు సీసాలే. ఒక్కటి, ఆ రోజు ఒక్కటి నా చేతిలో ఉండి ఉంటే! లీటరంటే ఎంతో ఇప్పుడు ఆ ఊళ్లో పసిపిల్లలు కూడా చెబుతారు. ఆవిడ అడిగిన రోజున, ఆ గుంపు మొత్తంలో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.