చార్టును కాదన్న వంటమ్మ

మా క్రీడా హాస్టల్లో వంట చేసిన అమ్మ పోయింది. పాత నేస్తం ఫోన్ చేసి, "వంటమ్మ ఇక లేదే. ఆస్పత్రిలో జ్వరంతో పోయింది" అంది. ఆమె గురించి ఏ పేపరూ రాయదు. మమ్మల్ని ఆకలితో మాడ్చిన పెద్దమనిషి ఫొటోలు మాత్రం ఇప్పటికీ వేస్తుంటారు.

ఆ పెద్దమనిషి విశాఖ నుంచి కారులో వచ్చిన ఆహార నిపుణుడు. హాస్టల్ మెట్లెక్కడానికే రొప్పాడు. అలాంటివాడు కొండల్లో పుట్టిన ఆడపిల్లలకు పరుగు నేర్పబోయాడు. వంటగది గోడకు తిండి చార్టు అంటించాడు. అన్నం వద్దట, చోడి అంబలి, అదే మా రాగి జావ, అదీ వద్దట. గుడ్డు తెల్లసొన, కీరా ముక్కలు, తను తెచ్చిన డబ్బాలోని పొడి చాలట. "బరువు తగ్గితే వేగం అదే వస్తుంది" అన్నాడు. మా కోచ్ తల ఊపాడు. తల ఊపడం తప్ప ఆయనకు వచ్చిన విద్య మరొకటి నేను చూడలేదు.

మొదటి నెల నిజంగానే నా వేగం పెరిగింది. పొగరూ పెరిగింది. వంటమ్మ చాటుగా అంబలి తెచ్చి పెడితే, "బడి మొహం చూడనిదానివి, నీకేం తెలుసు?" అని గిన్నె తోసేశాను. ఆ నిపుణుణ్ణి ఎంత అసహ్యించుకుంటానో, ఆనాటి నన్నూ అంతే అసహ్యించుకుంటాను.

మూడు నెలలుగా నాకు నెలసరి రాలేదని కనిపెట్టింది ఆమె ఒక్కతే. తిన్నగా కోచ్ దగ్గరికెళ్లింది.

"బాబూ, ఈ గుంట ఒంట్లో నెత్తురు నేదు. ఏటి సేత్తన్నారు మీరు? కూడెట్టండి."

"నువ్వు గరిటె తిప్పుకో" అని ఆయన నవ్వాడు.

రెండు వారాలకే పోటీల్లో ఎవరూ తగలకుండానే కూలిపోయాను. మోకాలి కింద ఎముక చిట్లింది. చాలినంత తిండి లేక ఎముక బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. మా నిపుణుడు మాత్రం నాకు మనోబలం చాలదని తేల్చాడు!

మర్నాడు వంటమ్మ చార్టును పొయ్యిలో పెట్టి, అందరికీ అన్నం వండింది. "ఉజ్జోగం పోతే పోనీ. ఆకలి పిల్లల్ని సూత్తా కూకోనేను" అంది. అన్నట్టే ఉద్యోగం పోయింది. వెళ్తూవెళ్తూ కాలికి కట్టుతో ఉన్న నన్నూ పెదబయలు అవతల కొండ మీదున్న తన ఊరికి తీసుకుపోయింది. "మాటలాపి బేగి తినీ" అంటూ మూడు నెలలు పక్కన కూర్చుని తినిపించింది. మళ్లీ పరుగెత్తాను. ఇప్పుడు పిల్లలకు ఆటలు నేర్పుతున్నాను.

ఆస్పత్రి నుంచి ఆమె దేహాన్ని తెచ్చిన వ్యాను ఆ కొండ కిందే ఆగిపోయింది. ఆ పైకి రోడ్డు లేదు. హాస్టల్లో ఆమె చేతి కూడు తిన్న ఆరుగురం ఆమెను కర్రకు కట్టిన డోలీలో పడుకోబెట్టి భుజాలకెత్తుకున్నాం. వానకు దారి జారుతోంది. ఆమె వాకిలి చేరేదాకా ఎవరమూ ఒక్కసారైనా కిందికి దించలేదు.