కోరగుడ్డ కట్టు

సిద్దిపేటలో సాలోళ్ల వాడ చివర, మూల ఇంట్లో సాంబయ్య అనే నేతగాడు ఉండేవాడు. ఆయన్ను నేను చూడలేదు. ఆయన భార్య బుచ్చవ్వ దగ్గర కూర్చుని విన్నదే ఇదంతా. ఒక్క పూటలో చెప్పింది కాదు. రాట్నం ముందు కండెలు చుడుతూ కొంత, తెగిన దారానికి ముడి వేసుకుంటూ కొంత. మధ్యలో ఆగిపోతే నేను తొందరపెట్టేవాణ్ని కాదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఎప్పుడూ అదే చోటు నుంచి మొదలుపెట్టేది, ఒక్క మాట తప్పిపోకుండా.

సాంబయ్యది గుంట మగ్గం. నేలలో మోకాటి లోతున గుంట తవ్వి ఉంటుంది. అంచు మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి కర్రలు తొక్కుతుంటే పైన నాడె దారం మోసుకుని ఇటూ అటూ ఆడుతుంది. వానలు పడితే ఆ గుంటలో చెమ్మ ఊరుతుంది. పదేళ్లప్పుడు అందులో కాళ్లు పెట్టినవాడికి నలభై దాటేసరికి రెండు మోకాళ్లూ పట్టేశాయి. లేవాలంటే రెండు చేతులూ నేలకు ఆనించి, "ఓ అవ్వా" అని ఒక మూలుగు మూలిగి లేవాలి.

"ఆయిన మూలిగిండంటె వాడల పొయ్యిలు అంటుకునేటియి బిడ్డా. పొద్దుగూకిందన్నట్టు" అని బుచ్చవ్వ నవ్వింది. ఆ కథలో ఆమె నవ్వినది ఒకటి రెండు చోట్లే.

వాళ్లకు ఇద్దరు పిల్లలు పుట్టి ఇద్దరూ గత్తర, అంటే కలరా, వచ్చి పోయారు. ఆ తర్వాతి ఏడు కుకునూరుపల్లి తోవలో దొరికిన ఎర్ర కుక్కపిల్లను సాంబయ్య గొంగడిలో చుట్టుకుని తెచ్చాడు. ఎర్రిగాడు అని పేరు పెట్టాడు. వాడు వచ్చిన రోజే గుంటలోకి దిగి ఆయన పాదాల మీద పడుకున్నాడు. పదకొండేళ్లు అక్కడే పడుకున్నాడు. కర్ర పైకి లేస్తే తల తీసేవాడు, కిందికి వస్తే మళ్లీ పెట్టేవాడు. వాడి తల ఒక్కసారీ కర్ర కింద పడలేదట.

జర్మనీ లడాయి నడుస్తున్న రోజులవి. నూలు దొరికేది కాదు. చిట్టీ పట్టుకుని నిలబడితే నాలుగు కట్టలు ఇచ్చేవాళ్లు. జొన్నలు కూడా అంతే. ఇంట్లో ఉన్న జొన్నపిండిలోనే పడుగుకు గంజి కాయాలి, అందులోనే మనుషులూ తినాలి. గంజి లేకుండా నూలు మగ్గం ఎక్కదు. అందుకని గంజి ముందు, కడుపు తర్వాత.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఎర్రిగాడికి దుల మొదలైంది. ముందు తోక మొదట్లో, తర్వాత నడుము మీద, చంకల్లో. గోకీ గోకీ వెంట్రుకలు ఊడి, తోలు నల్లబడి, మందమై, పాత చెప్పు అడుగులా తయారైంది. దానితోపాటే వెనక కాళ్లు పడిపోయాయి. లేవబోయి కూర్చునేవాడు, కూర్చోబోయి పడేవాడు. దుల పుట్టిన చోటికి కాలు ఎత్తి గోకుదామంటే ఆ కాలు లేవదు. అప్పుడు వాడు చేసే చప్పుడు ఏడుపూ కాదు, అరుపూ కాదు అంది బుచ్చవ్వ. గొంతులో దారం ఇరుక్కున్నట్టు ఉండేదట.

కాలు అందక వాడు దేనికైనా వీపు రాసుకోవడం నేర్చుకున్నాడు. గోడకు, రోలుకు, తలుపుకు. ఒకరోజు పొద్దున్నే వాడ మధ్యలో నాగయ్య పడుగు పరిచి ఉంది. నాలుగిళ్ల పొడుగునా దారాలు గుంజలకు బిగించి, ఇద్దరు ఇటూ అటూ కుంచెతో తడి గంజి దువ్వుతున్నారు. ఎర్రిగాడు ఈడ్చుకుంటూ వచ్చి చివరి గుంజకు వీపు రాశాడు. గుంజ ఒరిగింది. తడి పడుగు మట్టిలో పడింది. లేపి చూస్తే దారాల నిండా ఎర్ర వెంట్రుకలు, చీము, దుమ్ము. ఆరేలోపు విడదీయలేకపోయారు. సగం పడుగు తెగింది.

నాగయ్య సాంబయ్యకు ఎదురింటివాడు, వరసకు తమ్ముడు. అరవలేదు. వచ్చి గడపలో కూర్చున్నాడు.

"సాంబన్నా, నేను కుక్కను సంపుమంటలేను. గని గీ వాడల ఇగ ఉంచలేం. నా నూలు పోయింది, పోనీ. రేపు ఇంకొకనిది పోతె?"

"నయమైతది తమ్మీ. జెర ఆగుండ్రి."

"ఎన్నొద్దులు?"

"వచ్చే అంగడి దాక."

"అంగడి నాడు నేనొచ్చి చూస్త. లేసి నడువాలె, గోకద్దు. లేకుంటె కుక్కలను పట్టే బల్దియోళ్ల బండి వచ్చినప్పుడు నేనే సూపిస్త. నన్ను తిట్టుకోకు."

"తిట్టుకోను" అన్నాడు సాంబయ్య.

అంగడికి ఇంకా ఆరు రోజులు. బుచ్చవ్వ వేపాకు కాచింది. ఆ నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, కానుగ నూనెలో గంధకం నూరి ఒళ్లంతా పట్టించారు. కంపుకు ఇంట్లో అన్నం దిగలేదు. ఎర్రిగాడు చెవులు వాల్చి భరించాడు.

"ఏమయ్యా, నా పెండ్లికి గూడ నాకింత నలుగు పెట్టలే" అంది బుచ్చవ్వ.

"నీకు గంధకం పెడితె మీ నాయిన ఊకుంటుండెనా?" అన్నాడు ఆయన.

మూడో రోజుకు గోకుడు తగ్గింది. పొక్కులు ఎండి రాలాయి. తోక దగ్గర లేత నూగు కూడా కనిపించిందని సాంబయ్య అన్నాడు, తనకు కనిపించలేదని బుచ్చవ్వ అంది. ఇక కాళ్లు మిగిలాయి.

దౌల్తాబాద్ నుంచి దుబ్బయ్య అనే పసరు మందులాయన అంగడికి వచ్చి, ఆ తర్వాత మూడు రోజులు సిద్దిపేటలోనే ఉండేవాడు. సాంబయ్య మోకాళ్లకు ఆయనే నూనె ఇచ్చేవాడు. విషముండే ముష్టి గింజలు నువ్వుల నూనెలో నల్లగా మాడేదాకా కాచిన నూనె. అది రుద్దుకుంటేనే సాంబయ్య మర్నాడు గుంటలోకి దిగగలిగేవాడు. అది కుక్కకు రాయవచ్చునా అని అడగడానికి కుంటుకుంటూ పోయాడు.

"కీలు కీలే సాంబయ్యా, మనిషిదైన కుక్కదైన" అన్నాడు దుబ్బయ్య. "గని ముష్టి గది. నాలికకు తాకొద్దు. నువ్వు రాసుకుంటె నీ మోకాలు నువ్వు నాకవు. అది కుక్క."

"మీద కడుత."

"ఊడదీస్తది."

"నేను సాలోన్ని దుబ్బన్నా. నేను కట్టింది ఊడుతదా?"

"అట్లనైతె రాయ్. జెరంతనే రాయ్" అని దుబ్బయ్య అరచేతిలో చిటికెన వేలి గోరంత చూపించాడు.

బుచ్చవ్వ ఉతికి ఉతికి పలచబడ్డ తన పాత చీర చింపి ఇచ్చింది. సాంబయ్య ఎర్రిగాడి తొడ కీళ్లకు నూనె రాసి దాంతో కట్టేవాడు. మెత్తటి గుడ్డ, పూటకోసారి జారేది, మళ్లీ కట్టేవాడు. అయినా ఎర్రిగాడు దాని జోలికి పోలేదు. కట్టు మొదలుపెట్టిన నాలుగో రోజు పొద్దున వాడు తనంతట తాను లేచాడు. గోడ దాకా నడిచి, వణుకుతూ ఒక కాలు ఎత్తి, గోడ తడిపాడు.

సాంబయ్య గడపలోంచి కేకేశాడు. "నాగీ! ఓ నాగీ! రారా, మావోడు కాలెత్తిండు!"

నాగయ్య వచ్చి చూసి, "అన్నా, వాడు కాలెత్తితె నువ్వు వాడకు దండోరా ఏస్తున్నవ్" అని నవ్వాడు. పోతూ పోతూ, "మంచిగైతుండు. అంగడి నాడు గూడ గిట్లనే ఉండాలె" అన్నాడు.

ఆ మాట సాంబయ్యను పట్టుకుంది. రేపే అంగడి. ఆ రోజు నాగయ్య ఒక్కడే రాడు, వాడ పెద్దలూ వస్తారు. వాళ్ల ముందు కట్టు జారి, ఎర్రిగాడు కూలబడితే? నూనె కాస్త ఎక్కువ రాశాడు. పాత చీర ముక్క తీసి పారేశాడు. మగ్గం మీద అప్పుడే నేసిన బట్టలోంచి జానెడు వెడల్పు కోశాడు. ఉతకని బట్ట, నేతగాళ్లు కోర అంటారు. గంజి ఇంకా దారంలోనే ఉంటుంది, బిర్రుగా అట్టలా నిలబడుతుంది.

"మనిషికి లేని కొత్త బట్ట కుక్కకా?" అంది బుచ్చవ్వ. "నా చీర ముక్క బాగలేదా?"

"నీది జారుతది. గిది సూడు, బద్ద కట్టినట్టు ఎట్ల నిలవడ్డదో. గంజి బలం."

చుట్టూ నాలుగు చుట్లు వేసి, నేతముడి వేశాడు. ఆ ముడి తడిసినా వదలదు. వాడిని పెరట్లో ఎండలో పడుకోబెట్టి తాను గుంటలోకి దిగాడు. కోసిన బట్టకు బదులు నేయాలి.

ఎర్రిగాడికి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఒక ఆశ ఉంది. గంజి కాచిన కుండ కడిగే పని ఆ ఇంట్లో ఎప్పుడూ లేదట, వాడే నాకేవాడు. కరువు వచ్చాక కుండ అడుగున మిగిలేది మనుషులే తాగారు. ఆ నెలలో వాడికి రోజుకు ఒక ముద్ద కూడా పడలేదు. అట్లాంటివాడి తొడకు జొన్నగంజి పట్టిన గుడ్డ చుట్టి, ఎండలో పెట్టారు. వాడు ముడి విప్పలేదు. ముడి అట్లాగే ఉంది. ముడి కింద గుడ్డ నమిలి, పీల్చి, మింగాడు. దాని చేదు వాడికి అడ్డం రాలేదు.

మధ్యాహ్నం బుచ్చవ్వ నీళ్లు పెడదామని పెరట్లోకి పోయింది. ఎర్రిగాడు నాలుగు కాళ్లూ కర్రల్లా చాపి, మెడ వెనక్కు విరిచి ఉన్నాడు. కళ్లు మాత్రం తెలివిగా ఉన్నాయి. ఆమె ముంత కింద పెట్టిన చప్పుడుకు ఒళ్లంతా ఎగిరిపడింది.

సాంబయ్య వచ్చి గుడ్డ చూశాడు. వాసన చూశాడు. మజ్జిగ పోయబోతే చెయ్యి తగలగానే ఎర్రిగాడు మళ్లీ ఎగిరిపడ్డాడు. చింతపండు రసం పోస్తే పళ్లు విడలేదు. అప్పుడు ఎదురింట్లో నాగయ్య మగ్గం టక్కుమంది. ఎర్రిగాడు బిగుసుకున్నాడు. మళ్లీ టక్కు. మళ్లీ బిగుసుకున్నాడు. వాడలో ఇరవై మగ్గాలు. ఒక్కో దెబ్బా వాడి ఒంట్లో పడుతోంది.

సాంబయ్య వీధిలోకి పరుగెత్తాడు. ఆ మోకాళ్లతో పరుగెత్తడం తాను చూడ్డం అదే మొదలు, అదే ఆఖరు అంది బుచ్చవ్వ.

"ఆపుండ్రి! మగ్గాలు ఆపుండ్రి! మీ కాళ్లు మొక్కుత, జెర సేపు ఆపుండ్రి!"

ముందు నాగయ్య ఆపాడు. తర్వాత పక్కవాళ్లు. ఒక్కొక్కటే ఆగుతూ పోయి, చివరికి వాడంతా చప్పుడు లేకుండా అయింది. పగటిపూట సాలోళ్ల వాడలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. పిల్లలను కూడా నోరు మూసి లోపల కూర్చోబెట్టారు. ఆ నిశ్శబ్దంలో సాంబయ్య ముట్టుకోకుండా, జానెడు దూరంలో నేల మీద పడుకుని, వాడి ముఖంలోకి చూస్తూ ఉన్నాడు. ముట్టుకుంటే బాధ. పలకరిస్తే బాధ. ఎర్రిగాడు ఆయన్నే చూస్తున్నాడు. పొద్దు వాలకముందే పోయాడు. పోయాడని తెలిసినా చాలాసేపు ఎవరూ మగ్గం తొక్కలేదు.

గొయ్యి తవ్వడానికి సాంబయ్య మోకాళ్లు వంగలేదు. నాగయ్యే గడ్డపార తెచ్చి తవ్వాడు. సగం తవ్వి ఆగి, "నేను గా దినం గట్ల అనకుంటె గిట్ల గాకపోతుండె అన్నా" అన్నాడు.

"నువ్వు అన్నందుకు గాదు తమ్మీ. నేను మంచిగ కట్టిన."

అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ మాట్లాడలేదట, ఎవరితోనూ.

మర్నాడు అంగడి. దుబ్బయ్య సంగతి విని, కొత్త నూనె బుడ్డి పట్టుకుని ఇంటికే వచ్చాడు. సాంబయ్య తలుపు తీయలేదు. ఇంట్లో ఉన్న బుడ్డిని పెరటి గోడకేసి కొట్టాడు. చేతులు బూడిదతో తోమాడు, మళ్లీ తోమాడు, తోలు లేచేదాకా తోమాడు. మగ్గం మీదున్న బట్ట ఎట్లాగో పూర్తి చేశాడు. మోకాళ్లు ఉబ్బి కుండల్లా అయ్యాయి. బుచ్చవ్వ ఆముదం కాచి తెస్తే చెయ్యి తోసేశాడు.

"రాయకు."

"నొస్తలేదా?"

"నొయ్యనియ్."

ఆమె తిట్టింది. ఏడ్చింది. మూడు రోజులు అన్నం మానేసింది. నాగయ్యను పిలిచి చెప్పించింది. ఎవరేమన్నా ఆయన అదే మాట. మరుసటి వానల్లో గుంటలోకి దిగలేకపోయాడు. నాగయ్య ఎత్తి దించుతానన్నాడు, వద్దన్నాడు. గోడకు ఆనుకుని ఆడవాళ్ల పని, కండెలు చుట్టడం, చేసేవాడు. అదీ కొన్నాళ్లే. కాళ్లు ముడుచుకుపోయి చాపడం రాలేదు. రాత్రి పడుకోవాలన్నా పక్కకు ఒరిగి, మోకాళ్లు కడుపులో పెట్టుకునే పడుకునేవాడు.

"నొప్పి లేసినప్పుడు కండ్లు మూసుకుని లోపల్లోపల లెక్కవెట్టినట్టు ఉంటుండె బిడ్డా" అంది బుచ్చవ్వ. "మందు ఆయినకు అందేటట్టే వెట్టేదాన్ని, ఎదురుంగ, రోజు. ముట్టలే. నేను గూడ ఇగ అడుగుడు బందువెట్టిన. అడిగితె ఆయినకు గింత నొప్పి, అడగకుంటె నాకు గింత నొప్పి."

లడాయి ఆగిన ఏడు ఎండాకాలంలో సాంబయ్య పోయాడు. పాడె మీద పడుకోబెడదామంటే కాళ్లు సాగలేదు. నలుగురు పట్టి ఒత్తబోతే నాగయ్య అడ్డం వచ్చి, "ఒద్దు, నొస్తది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ముడుచుకున్నవాణ్ని ముడుచుకున్నట్టే కూర్చోబెట్టి మోసుకుపోయారు.