మొక్కల నల్లా

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో పనివాళ్ళకు శిక్షణ ఇచ్చేదాన్ని. అప్పుడే మా ఆవరణలో కొత్త భవనం లేచింది. పగలు లైటు వేయకుండానే గదుల నిండా వెలుతురు. వాడిన నీటిని శుభ్రం చేసి మరుగుదొడ్లకు, మొక్కలకు పంపేవారు. కార్డు చూపిస్తే తప్ప చాలా తలుపులు తెరుచుకోవు. పనివాళ్ళు అందులోకి మారిన చాలా రోజులకు, దాన్నెలా వాడుకోవాలో చెప్పి రమ్మని నన్ను పంపారు.

అందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టారు. భవనం చూసుకునే ఇంజనీరు నా పక్కనే నిలబడ్డాడు. కిటికీల సంగతి చెప్పాక, పెరట్లో ఆకుపచ్చ పైపుకున్న నల్లా చూపించి, “ఆ నీళ్ళు మొక్కలకే. తాగకూడదు” అన్నాను.

వెనక నుంచి ప్యాకింగ్‌లో పనిచేసే ఒకతను లేచాడు. దగ్గర్లోని వెలిమెల ఊరి రైతు. అతని భార్యదీ ఇక్కడే పని. ఆమె వాంతులు తగ్గక సంగారెడ్డి ఆస్పత్రిలో పడి ఉంది.

“మేడం, మేం తాగేది గదే నల్లా. మంచినీళ్ళున్న గదికి కార్డు గావాలె. మాకు కార్డియ్యలే.”

“బోర్డు పెట్టినం గదా” అన్నాడు ఇంజనీరు.

“ఇంగ్లీషుల పెట్టిన్రు సార్. మాకేమెరుక?”

“చదువు రాకుంటే అడగాలె. నోరు లేదా?”

అతను నడిచొచ్చి చేతిలోని స్టీలు టిఫిన్ డబ్బాతో ఇంజనీరు ముఖం మీద కొట్టాడు. కింద పడ్డాక కూడా కొట్టాడు. రక్తం నా చీర కుచ్చెళ్ళ మీద చిందింది. జనం తలుపు మీద పడ్డారు. అది తెరుచుకోలేదు. ఒక ఆడమనిషి కాళ్ళ కింద నలిగిపోతుంటే నా మెడలోని కార్డు పెట్టి తీశాను. అదే తలుపులోంచి గార్డులు లోపలికొచ్చారు.

అతన్ని పెరట్లోకి ఈడ్చి లాఠీలతో బాదారు. అప్పటికే అతను చేతులెత్తేశాడు. అయినా ఆపలేదు. ఒక దెబ్బకు దవడ విరిగిన చప్పుడు వినిపించింది. “సస్తడు, ఇడవండి” అంటూ పనివాళ్ళు రాళ్ళు అందుకున్నారు. నేను ఒక లాఠీ పట్టుకున్నాను. రెండోది నా మణికట్టు మీద పడింది, ఎముక చిట్లింది.

మర్నాడు కంపెనీ అతని మీద పోలీసు కేసు పెట్టింది. పెద్ద మేనేజరు నన్ను పిలిచి, అతను ఊరికే ఇంజనీరు మీద పడ్డాడని చెప్పమన్నాడు. చేతికి కట్టుతోనే స్టేషనుకు వెళ్ళి, నల్లా దగ్గర నుంచి లాఠీల దాకా జరిగిందంతా చెప్పాను. పనివాళ్ళు గేటు ముందు బైఠాయించాక కేసు వెనక్కి తీసుకున్నారు. ఆ నల్లా పీకేసి, కార్డు అక్కర్లేని చోట మంచినీళ్ళు పెట్టారు. ఇంజనీరుకు ఒక కంటి చూపు దెబ్బతింది. ఆ రైతుకు ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు.

చాన్నాళ్ళకు సంగారెడ్డి బస్టాండులో ఆ భార్యాభర్తలు కనిపించారు. ఆమె కోలుకుంది. అతని దవడ వంకరగా అతుక్కుంది, మాట స్పష్టంగా రావడం లేదు. ఆమే మాట్లాడింది.

“నీ చెయ్యి మంచిగయిందా అక్కా?”

“అయింది” అన్నాను. అతను నా మణికట్టు వైపు చూసి, తల తిప్పుకున్నాడు.