మా పల్లిచేను కావలి

టాంజానియాలోని మికూమి అడవిలో మా జీపు ఆగిన చోట, ఎండిన గడ్డి నడుమ నుంచి అప్పుడే తవ్విన మట్టి వాసన వచ్చింది. పచ్చి వేరు తెగినప్పటి వగరు, అడుగు మట్టి తడి, కొంచెం తీపి కలిసిన ఆ వాసన ఎక్కడిదా అని చూస్తే, దారి పక్కనే ఒక అడవిపంది ముందుకాళ్ళు మడిచి మోకాళ్ళ మీద వంగి మూతితో నేల పెళ్ళగిస్తోంది. దార్ ఎస్ సలాంలో నేను పనిచేసే మందుల కంపెనీ వాళ్ళమంతా సెలవులకు కలిసి వచ్చాం. పొద్దుటి నుంచి ఏనుగులనూ జిరాఫీలనూ చూసి అలసిపోయిన పిల్లలు, ఆ పంది తోక నిక్కబొడుచుకొని తన కూనలను వెంటేసుకొని పరుగెత్తుతుంటే చప్పట్లు కొట్టారు. మా మేనేజరు భార్య "ఎంత ముద్దుగా ఉందో" అంది. దాని ముఖం మీది కణుతులు, నిలబడ్డ తోక మా వైపు పందులకు ఉండవు. కానీ తవ్విన మట్టి వాసన మాత్రం ఒక్కటే.

మాది పాలమూరు జిల్లాలో, నల్లమల అంచుకు దగ్గరి ఊరు. తెలంగాణ రాకముందు నేను ఊరిబడిలో ఐదో తరగతి చదువుతున్నాను. నాయిన, పెదనాయిన ఇద్దరే అన్నదమ్ములు. గుట్ట కింద ఇద్దరివీ పక్కపక్క ఎర్రచెల్కలు, నడుమ ఒక్కటే గట్టు. తొలకరికి పల్లి విత్తితే, కాయ గట్టిపడి మట్టిలో పాలు చిక్కబడే నాటికి గుట్ట మీది పందులకు ఎట్లా తెలిసేదో తెలిసేది. అందుకని వానకాలం సగం నుంచి మా బతుకంతా ఆ చేను చుట్టూ తిరిగేది. అమ్మ పాత చీరలు, అవ్వ పాత చీరలు, పెద్దమ్మ పెళ్ళినాటి జరీ పోయిన చీర, అన్నీ కర్రలకు కట్టి చేను చుట్టూ నిలబెట్టేవాళ్ళం. గాలి లేస్తే ఆడవాళ్ళంతా వరుసగా నిలబడి కదులుతున్నట్టుండేది. మంగలి దుకాణం నుంచి నాయిన వెంట్రుకలు సంచిలో తెచ్చి గట్టంతా చల్లేవాడు, అవి ముక్కుల్లోకి పోతే పందులు వెనక్కు తిరుగుతాయని.

బడి వదలగానే నేను మంచె ఎక్కేదాన్ని. కందికట్టె కప్పు కింద కూర్చొని నూనె డబ్బా మీద కట్టెతో కొట్టడం, గొంతు చించుకొని హోయ్ అని అరవడం నా పని. నాయిన ఒడికి సరిపడా పల్లిచెట్లు పీకి, ఎండుగడ్డి మంటలో కాయలు కాల్చేవాడు. బూడిదలోంచి ఏరుకొని ఊదుకుంటూ తింటే పెదవులు, వేళ్ళు, లంగా అంచు అన్నీ నల్లబడేవి. అవ్వ ఆకూ వక్కా నములుతూ మెల్లగా నడిచివచ్చి, జొన్నరొట్టె మీద పచ్చిపల్లి తొక్కు పెట్టి ఇచ్చేది. తిన్నంతసేపూ గుట్ట వైపు చూసి పందులను తిట్టేది. బతుకమ్మ దగ్గరపడితే గట్ల మీద గునుగు తెల్లగా, తంగేడు పచ్చగా విచ్చుకునేవి, ఇంట్లో మలీద ముద్దలకు బెల్లం దంచే చప్పుడు వినిపించేది.

ఒకసారి కూనలతో వచ్చిన తల్లిపంది మీదికి నేను రాయి ఎత్తితే నాయిన చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టకు బిడ్డా. డబ్బా కొట్టు, పోతది. దాని పిల్లల కోసం అది తిరుగుతాంది."

పెదనాయిన చెడ్డవాడు కాదు. పీర్ల పండుగకు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకొని ఊరంతా చూపించింది ఆయనే. కానీ ఆ ఏడు, బతుకమ్మ ఇంకా కొన్ని రోజులుందనగా, ఆయన చేను సగం నాగలి పెట్టి దున్నినట్టు పందులు తిరగేసిపోయాయి. ఆయన గట్టు మీద కూర్చొని, ఖాళీ పొట్టును చేతిలో నలుపుతూ పొద్దెక్కేదాకా లేవలేదు. ఆ సాయంత్రమే బోరు మోటరు దగ్గర నుంచి సన్నతీగ లాగి, చేను చుట్టూ మోకాలి కిందికి కట్టాడు. వద్దంటాడని నాయినకు చెప్పలేదు. చీకటి పడ్డాక కరెంటు ఇవ్వడం, తెల్లారకముందే తీసేయడం ఆయన లెక్క. ఆ రాత్రి కరెంటు పోయింది. ఇక రాదనుకొని, తీగ విప్పకుండానే ఆయన ఇంటికొచ్చి పడుకున్నాడు. తెల్లారగట్ల కరెంటు వచ్చింది. నాయిన రోజూలాగే చేను చూడబోయాడు.

పెదనాయిన పరుగున మా గడప దగ్గరికి వచ్చి తీగ సంగతి చెప్పాడు. ఆయనా పెద్దమ్మా నాయినను మంచం మీద తెచ్చారు. పిక్క మీద నల్లటి గీత, బొగ్గుతో గీసినట్టు. అమ్మ చూసింది. నేనూ చూశాను. ఊరు పోగవకముందే అవ్వ తలుపు వేసింది.

"ఒకడు పోయిండు. ఇంకొకన్ని గూడ జేలుకు తోలి నేనెట్ల బతకాలె?"

అమ్మ నాయిన పాదాల దగ్గర కూర్చుంది.

"నా బిడ్డకేం చెప్పాలె?" అంది.

"పాము కుట్టిందని చెప్పు. అందరికీ గదే చెప్పు" అంది అవ్వ.

అమ్మ ఆ గీత మీద పసుపు మెత్తి, పాతచీర చింపి కట్టుకట్టింది. మధ్యాహ్నానికి తీగ లేదు. ఊళ్ళో తెలిసినవాళ్ళున్నారో లేదో, ఎవరూ అడగలేదు. బడిలో సారు ఏం పాము అని అడిగితే నాగుపామన్నాను. ఆ ఏడు మా పల్లి పెదనాయినే పీకించి, బస్తాలు మా గడప ముందు దింపి, తలెత్తకుండా వెళ్ళిపోయాడు. తర్వాత కూడా ఒక్కనాడూ మా ఇంట్లో నీళ్ళు తాగలేదు.

ఇప్పుడా గుట్ట కింద పల్లి వేసేవాళ్ళు లేరు. పందులు ముట్టవని అంతా పత్తి పెట్టారు. బీడుపడ్డ మా చెల్కలో సర్కారు తుమ్మ దట్టంగా మొలిచింది, పందులు పగలంతా అందులోనే పడుకుంటాయట. మంచెలు లేవు, చీరల కంచెలు లేవు, కాల్చిన కాయలకు నల్లబడే పెదవులు లేవు. పిల్లలు పల్లీలు దుకాణంలో ప్యాకెట్టు కొనుక్కుంటారు. అవ్వా పెద్దమ్మా పోయారు. రెండేళ్ళ కింద ఎండాకాలంలో పెదనాయినా పోయాడు. ఇక అసలు మాట తెలిసినవాళ్ళం అమ్మా నేనే మిగిలాం కదా, ఎప్పుడో ఒకసారి ఇద్దరం ఆ మాట మాట్లాడుకుంటామని అనుకుంటూ వచ్చాను. సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఎదురుచూశాను. అమ్మ ఎత్తలేదు, నేను అడగలేదు.

అడవి నుంచి బయటికి వచ్చాక, బస దగ్గర సిగ్నల్ దొరికితే అమ్మకు ఫోన్ చేశాను.

"పులిని చూసినవా?" అని అడిగింది.

"ఈడ పులులుండవు అమ్మా. సింహాన్ని చూసిన, దూరం నుంచి."

"పైలం బిడ్డా. గా గడ్డిల నడువకు, పాములుంటయి. మీ నాయినకు గట్లనే అయిపాయె. తెల్లారంగ నేనే చూస్తి, నల్లటిది, గట్టు దిగి పోతుండె."

ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. ఆ ఫోన్లో ఉన్నది మేమిద్దరమే, మూడో మనిషి వినడం లేదు. ఆ వెంటనే, "అన్నం తిన్నవా?" అని అడిగింది.

"తిన్న అమ్మా" అన్నాను. "గడ్డిల నడువను."